గొలుసు ఎత్తి దాటిన చోటు

బస్సు గతుకులో పడ్డప్పుడల్లా నా పక్కసీటావిడ ఒళ్ళోని సంచి ఖణేల్‌మంటోంది. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ముందుసీటు వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఎక్కడో నిద్రపోతున్న పసిబిడ్డ లేచి ఏడుపందుకుంది. చివరికి కండక్టరు వచ్చి సంచి వంకా ఆవిడ వంకా మార్చి మార్చి చూశాడు.

"అందులో ఏముందమ్మా?"

"గొలుసు."

"మెళ్ళోదా?"

"మెళ్ళో వేసుకుంటే మెడ విరుగుతుంది. కావాలంటే నువ్వు వేసుకుని చూడు."

బస్సులో సగం మంది నవ్వారు. కండక్టరు మాత్రం తగ్గలేదు. "ఏనుగుని గానీ కట్టేస్తావా పెద్దమ్మా?"

"ఏనుగులు మీ బస్సెక్కవుగా నాయనా. మనుషులకే సీట్లు చాలట్లేదు. ఇది నేలమీద ఈడవటానికి. ఈడ్చి వినటానికి."

"ఏం వింటావు?"

"గుల్ల."

ఈ సంగతి తన ఉద్యోగంలోకి రాదని తేల్చుకుని కండక్టరు డ్రైవరు దగ్గరికి వెళ్ళిపోయాడు. నాకు మాత్రం నిద్ర ఎగిరిపోయింది. నేను వెళ్ళవలసింది వేరే ఊరు. ఆ నగరంలో దిగి బస్సు మారాలి, అంతే. కానీ కాలికి చక్రాలున్నవాడికి తోవలో ఎవరైనా అర్థంకాని మాట ఒకటి అంటే చాలు, ఆ పూట ప్రయాణం అక్కడితో సరి. ఇన్నేళ్ళ తిరుగుళ్ళలో నేను చేరాలనుకున్న ఊళ్ళకంటే మధ్యలో దిగిపోయిన ఊళ్ళే ఎక్కువ. దానికి నేనెన్నడూ చింతించలేదు.

"గుల్ల అంటే ఏమిటమ్మా?" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. అరవై దాటి ఉంటాయి. ఎండకు నల్లబడిన మొహం, తలకు బిగించి కట్టిన గుడ్డ. చూపుకంటే ముందు చెవి ఇటు తిరిగే మనిషి.

"కార్లు పెట్టే మేడలు ఉంటాయి చూశారా, అంతస్తుల మీద అంతస్తులు? వాటి నేలలో ఇనుప ఊచలుంటాయి. వానకు తడిసిన కార్లు పైకెక్కుతాయి, నీళ్ళు కారతాయి. ఆ నీళ్ళు సన్నటి పగుళ్ళలోంచి దిగి ఊచల్ని తుప్పు పట్టిస్తాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఉబ్బి, మీది కాంక్రీటుని అప్పడంలా పైకి లేపుతుంది. కంటికి నేల నున్నగానే ఉంటుంది. కింద మాత్రం గాలి. అది గుల్ల. గొలుసు ఈడిస్తే చెబుతుంది."

"ఇప్పుడు ఆ పనిమీదే వెళ్తున్నారా?"

"ఆ పని మానేసి కూతురింట్లో కూర్చున్నాను. మా మరిది కబురు పెట్టాడు, పాత మేడ మరమ్మతు మొదలెడుతున్నాం, ఒక్కసారి వచ్చి విని పో వదినా అని. అక్కడ వాళ్ళ గొలుసులు వాళ్ళకున్నాయి. కానీ నా గొలుసు నాది. అందుకే మోసుకొస్తున్నా."

"నేనూ రావచ్చా?"

"మాట్లాడకుండా ఉండగలరా?"

"ఓ, తప్పకుండా."

"చూస్తే అలా లేరు," అంది. కానీ బస్సు దిగాక వెనక్కి తిరిగి, వస్తున్నానో లేదో చూసుకుంది.

ఆ మేడ స్టేషనుకు దగ్గర్లోనే, రెండు పెద్ద వీధులు కలిసే మూల మీద ఉంది. కట్టిన కొత్తలో నగరానికంతా అదొక వింతట. మనుషులు అద్దె గదుల్లో ఇరుక్కుని చస్తుంటే కార్లకు ఇంత ఇల్లా అని తిట్టుకున్నవాళ్ళే, సెలవురోజున పిల్లల్ని వెంటేసుకుని వచ్చి, తెలిసినవాళ్ళ కారెక్కి, గుండ్రంగా తిరిగే ర్యాంపు మీద పైదాకా వెళ్ళి ఊరిని చూసి దిగేవారట. ఇప్పుడు చుట్టూ దానికంటే ఎత్తయిన భవనాలు లేచి దాన్ని మూలకు నెట్టేశాయి. గోడల మీద తుప్పు నీళ్ళు కారి గోధుమరంగు చారలు కట్టాయి. స్తంభాల అంచులు ఎలుకలు కొరికినట్టున్నాయి. కోటల మీద, వంతెనల మీద, ఆఖరికి దీపస్తంభాల మీద కూడా పుస్తకాలు చదివాను గానీ, కార్ల మేడ మీద ప్రేమగా ఒక్క మాట ఎవరైనా రాయగా చూడలేదు. తప్పు మేడది కాదు. మనిషి అందులోకి వచ్చేటప్పుడు పని తొందర, వెళ్ళేటప్పుడు ఇంటి తొందర. తొందరలో ఉన్నవాడికి గోడ కనిపించదు, తన కారు తప్ప.

గేటు దగ్గర మరిది ఎదురొచ్చాడు. బొజ్జ, దాని మీద నిలవని బెల్టు, నెత్తిన పసుపుపచ్చ హెల్మెట్. ఈ మరమ్మతు కాంట్రాక్టు అతనిదే.

"వచ్చావా వదినా! చిక్కిపోయావే!"

"నువ్వు పోగు చేస్తున్నావుగా. ఇంటికొకళ్ళు ఒళ్ళు చేస్తే చాలు."

"మా పిల్ల తిండి పెట్టట్లేదా ఏం?"

"మీ పిల్లకేం, బాగానే పెడుతోంది. కూర్చోబెట్టి పెడుతోంది. అదే నా బాధ."

"మరి ఈ పెద్దాయనెవరు?"

"బస్సులో దొరికాడు. మాట్లాడనని మాటిచ్చాడు. చూద్దాం."

లోపలికి నడుస్తుంటే కాపలాదారు, సిమెంటు కలిపేవాడు, గొట్టాలు మోసేవాడు, అందరూ "వదినగారూ, బాగున్నారా?" అంటున్నారు. కాపలాదారయితే ఆవిడకంటే పెద్దవాడు. నేను నవ్వటం చూసి ఆవిడే చెప్పింది: "మా మరిది పనిలోకి వచ్చిన కొత్తలో వదినా వదినా అని పిలిచేవాడు. విన్నవాళ్ళంతా అదే నా పేరనుకున్నారు. మా ఆయనకి ఇంతమంది తమ్ముళ్ళున్నారని మా అత్తగారికి కూడా తెలీదు."

పని పైఅంతస్తు నుంచి మొదలుపెట్టారు. ఆ పని పద్ధతి నేనింతకుముందు ఎక్కడా చూడలేదు. ముందుగా అందరూ చెప్పులు విప్పేశారు. నన్నూ విప్పమన్నారు. ఆ తర్వాత మాట లేదు. వదిన గొలుసు కొస పట్టుకుని, వాకిలి ఊడ్చినట్టు అటూ ఇటూ ఈడుస్తూ మెల్లగా ముందుకు నడుస్తుంది. కళ్ళు సగం మూసి ఉంటాయి. వెనక మరిది, నడుం వంచనక్కర్లేకుండా పొడుగాటి కర్రకు సుద్ద కట్టుకుని నడుస్తాడు. ఆవిడ ఎడమచేతి వేలు కిందికి చూపితే అతను గీత మొదలుపెడతాడు, వేలు మడిస్తే గీత ఆపుతాడు. అరచెయ్యి ఎత్తితే అందరూ ఎక్కడివాళ్ళక్కడ బొమ్మలైపోతారు. వీధిలో లారీ పోతోందన్నమాట. అది పోయేదాకా ఊపిరి కూడా మెల్లగానే తీసుకోవాలి.

గట్టి నేల మీద గొలుసు చిల్లర నాణేలు బండమీద ఒలికినట్టు గలగలమంటుంది. గుల్ల మీదికి రాగానే ఆ గలగల పోయి, మూతపెట్టిన డబ్బాలో గింజలు కదిలినట్టు బొదబొదమంటుంది. నాలాంటివాడికి కూడా తేడా తెలిసింది. అయితే ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చెప్పటం వేరే సంగతి. మట్టికుండ కొనేటప్పుడు ఆడవాళ్ళు వేలు మడిచి కొట్టి చూస్తారు గదా, ఆ తెలివే ఇది. ఛాతీ మీద వేళ్ళతో తట్టి లోపలి జబ్బు పట్టే పద్ధతి కనిపెట్టిన వైద్యుడు, చిన్నతనంలో తండ్రి పీపాలు తట్టి ఎంత నిండాయో చూసుకోవటం గమనించాడని ఎక్కడో చదివాను. ఆ ముక్క అప్పుడే చెబుదామని నోరు తెరిచాను. వదిన కళ్ళు తెరవకుండానే అరచెయ్యి ఎత్తింది. లారీ ఏమీ రావటం లేదు.

మరిది భుజాలు కదిలిపోయేలా నవ్వాడు, చప్పుడు లేకుండా.

టీ పై అంతస్తులోనే తాగాం, పిట్టగోడ నీడన. అప్పుడు మాట్లాడనిచ్చారు. ఆవిడ కథ నాకు తెలిసింది అక్కడే. సగం ఆవిడ చెప్పింది, సగం మరిది చెప్పాడు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు కోసుకుంటూ చెప్పారు.

ఈ మేడలో వదిన మొదటి ఉద్యోగం టికెట్ల గదిలో. పెళ్ళి కాని రోజులు. కింద, కార్లు బయటికి వెళ్ళే దారి పక్కన గాజు కిటికీ ఉన్న చిన్న గది. ఒక కుర్చీ, ఒక బల్ల, ఒక ఫ్యాను, అదీ తిరిగితే తిరిగినట్టు. ర్యాంపు చివర నేలలో ఒక ఇనుప పలక వదులుగా ఉండేది. కారు దాన్ని దాటినప్పుడల్లా చప్పుడయ్యేది. ఆ చప్పుడును బట్టి తలెత్తకుండానే ఏ కారు వస్తోందో చెప్పేసేదట. డాక్టరుగారి కారు, బట్టలకొట్టాయన కారు, డబ్బివ్వకుండా వెళ్ళిపోదామని చూసే నల్లకారు.

"అప్పుడే అన్నయ్య పనిలోకొచ్చాడు," అన్నాడు మరిది. "కాంక్రీటు మేస్త్రి. పగిలిన చోట తవ్వి అతుకులు వేసే పని. వదిన గది మీద పైకప్పు కారుతుండేది."

"నెత్తిమీదే పడేది. వానాకాలమంతా గదిలో గొడుగేసుకుని టికెట్లిచ్చేదాన్ని. కార్లవాళ్ళు నవ్విపోయేవాళ్ళు."

"అది చూడలేక అన్నయ్య..."

"చూడలేక కాదు. చూసీ చూసీ, అప్పుడు."

సరిగ్గా ఆ గది మీదే, మొదటి అంతస్తు నేలలో, అతను అతుకు వేశాడు. రెండు చేతులు బారచాపినంత మేర. మామూలుగా అయితే ఒకటి రెండు రోజుల పని. అతను చెడిపోయిందంతా తవ్వి తీసి, ఊచల వెనక దాకా బ్రష్షు పెట్టి తుప్పు గీకి, కడిగి, ఆరబెట్టి, కొంచెం కొంచెంగా కాంక్రీటు కూరి, తాపీతో నునుపు చేసి, తడి గోనెసంచులు కప్పి, వాటి పక్కనే గోడకానుకుని కూర్చునేవాడట. గోనె ఆరనిచ్చేవాడు కాదు. చుక్క నీళ్ళు చల్లటం, పిట్టగోడ మీంచి వంగి కింద గదిలోకి చూడటం. పెద్ద మేస్త్రి వచ్చి, "ఒక్క అతుక్కి ఇన్నాళ్ళేంట్రా, తాజ్‌మహల్ కడుతున్నావా?" అని తిట్టిపోసినా లేవలేదు.

"నాకు తెలుసులెండి, పైన ఎవరున్నారో. గోనె మీద నీళ్ళు చల్లితే చప్పుడు వినపడేది కాదూ? ఇంతకుముందే చల్లాడు కదా, మళ్ళీ ఎందుకు చల్లుతున్నాడూ అనుకునేదాన్ని."

తర్వాత వాన పడింది. గదిలో చుక్క రాలలేదు. అతను కిటికీ దగ్గరికొచ్చి నిలబడి, ఏం చెప్పాలో తెలియక, "కార్లను చప్పుడుతో గుర్తుపడతావటగా? నేను తట్టి చూస్తే గుల్లకీ గట్టికీ నాకు తేడా తెలియట్లేదు. నాకు నీ చెవి కావాలి," అన్నాడట.

"మీరేమన్నారు?" అడిగాను.

"చెవి ఒక్కటే ఇవ్వటం కుదరదు, మనిషి మొత్తాన్ని తీసుకుపోవాలన్నాను."

మరిది ఈ మాట ఎన్నోసార్లు వినే ఉంటాడు. అయినా తొడ మీద చరిచి నవ్వాడు.

అక్కణ్ణుంచి వాళ్ళిద్దరూ నగరంలోని కార్ల మేడలన్నీ తిరిగారు. ఆవిడ విని చూపించటం, ఆయన తవ్వి పూడ్చటం. కూతురు పుడితే ఊయల కూడా ఏదో ఒక మేడలో రెండు స్తంభాల మధ్య కట్టారు. మధ్యాహ్నం క్యారేజీ విప్పేది ఎప్పుడూ పై అంతస్తులోనే. ఊరంతా కాళ్ళకింద ఉండేదనీ, గాలికి అన్నం మెతుకులు ఎగిరిపోయేవనీ చెబుతూ వదిన చుట్టూ చూసింది. ఇప్పుడక్కడ నాలుగు వైపులా అద్దాల భవనాలే. ఆకాశం చెంబులోంచి చూసినట్టుంది.

"ఎన్ని మేడలు బాగుచేసినా, ఏటా పరీక్షకి ఇక్కడికొచ్చేవాళ్ళం," అంది. "ఆ అతుకు మీద గొలుసు ఈడిస్తే గంట మోగినట్టు మోగేది. మోగగానే గడ్డం పైకెత్తి, విన్నావా అనేవాడు. ప్రతి ఏడూ అదే మాట. విన్నాలేవయ్యా, పెళ్ళాన్ని పక్కన పెట్టుకుని నీ గొప్ప నువ్వే చెప్పుకోకు అనేదాన్ని."

గ్లాసు కింద పెట్టి లేచింది. "పదండి. పొద్దుపోతుంది."

అంతస్తు తర్వాత అంతస్తు దిగుతూ వచ్చాం. సుద్దగీతలు నేలమీద చిన్నా పెద్దా చెరువుల పటంలా పరుచుకున్నాయి. మొదటి అంతస్తులోకి వచ్చేసరికి ఎండ పక్కనుంచి పడుతోంది. అక్కడ ఒక ఇంజనీరమ్మాయి కాగితాలు పట్టుకుని నిలబడి ఉంది. నగరపాలక కార్యాలయం తరఫున ఈ మేడ బాధ్యత ఆ అమ్మాయిదే. చెప్పులు విప్పే ఉంచింది. నాకు ముచ్చటేసింది.

పిట్టగోడకు దగ్గరగా నేల మీద ఒక ఆకుపచ్చ రంగు గుండ్రటి గీత ఉంది. సుద్ద కాదు, పెయింటు. వదిన దాని దగ్గర ఆగింది.

"ఇదేమిటయ్యా, ఆకుపచ్చ?"

మరిది హెల్మెట్ తీసి తల గోక్కున్నాడు. "అన్నయ్య అతుకు వదినా. దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వను. చుట్టూ తుప్పెక్కింది, అంతవరకే తీస్తాం. ఊచలకి జింకు బిళ్ళలు కట్టి కొత్త కాంక్రీటు పోస్తాం. ఊచకి బదులు ఆ బిళ్ళలే తుప్పు తింటాయి. మధ్యలో అన్నయ్యది అలాగే ఉంటుంది, దీవిలా. నీకు చూపిద్దామనే రమ్మన్నాను."

వదిన గొలుసు చేతికి రెండు చుట్లు చుట్టి పైకెత్తి, ఆ ఆకుపచ్చ గీతను పెద్ద అంగతో దాటి, అవతల మళ్ళీ నేలమీద వదిలి ఈడవటం మొదలుపెట్టింది. పనివాళ్ళంతా ఎవరి గోళ్ళు వాళ్ళు చూసుకుంటున్నారు.

నేను మరిది చెవిలో గుసగుసగా అడిగాను.

"అన్నయ్య పోయిన దగ్గర్నుంచి అంతే," అన్నాడు అతనూ గుసగుసగా. "అక్కడికి రాగానే ఎత్తి దాటేస్తుంది. ఆ మోత వినలేకపోతుంది. నేనే వెనకనుంచి సుత్తితో రెండు దెబ్బలు కొట్టి, బాగుంది అని రాసేస్తాను. మోగుతుంది మరి. బాగానే ఉంది."

ఆ మేడలో పనివాళ్ళందరికీ మాటలేకుండానే తెలిసిన ఒప్పందమది. కానీ ఇంజనీరమ్మాయికి ఆ ఒప్పందం తెలియదు. వరస పూర్తయి వదిన గొలుసు ఆపగానే దగ్గరికి వచ్చింది.

"వదినగారూ, అది ఒక్కటీ వినలేదు మీరు."

"వింటూనే ఉన్నానమ్మా, నువ్వు పుట్టకముందు నుంచీ."

అమ్మాయి మెల్లగా చెప్పింది. "మీవారి పనిలో లోపమేమీ లేదు. నేను దీనంత శుభ్రమైన అతుకు ఈ మేడలో చూడలేదు. చిక్కల్లా అదే. ఆయన పోసిన మంచి కాంక్రీటులో ఊచ నిమ్మళంగా ఉంది. పక్కనే పాత కాంక్రీటులో ఉన్న అదే ఊచ, దీని వంతు తుప్పు కూడా తనే మోసింది. అతుకు ఎంత బాగుంటే చుట్టూ అంత తొందరగా తినేస్తుంది. ఉంచితే ఉంచొచ్చు, బాబాయ్‌గారు చెప్పినట్టు జింకు కట్టి. నేను కాదనను. కానీ ఎన్నాళ్ళు నిలుస్తుందో నమ్మకంగా చెప్పలేను. మీరు విని, ఉంచమంటే సంతకం పెడతాను."

"అంటే ఇంట్లో ఒకళ్ళు మరీ మంచివాళ్ళైతే పక్కవాళ్ళ చావుకొస్తుందంటావు."

"అలా కాదండీ..."

"అలాగేనమ్మా. నాకు తెలుసు, మంచివాడితోనే కాపురం చేశాను."

వదిన పిట్టగోడ దగ్గరికి వెళ్ళి కిందికి చూసింది. నేనూ పక్కన నిలబడి చూశాను. టికెట్ల గది ఇంకా ఉంది. అందులో మనిషి లేడు, డబ్బులు మింగి కాగితం కక్కే యంత్రం ఉంది. దాని ముందు జనం వరసలో నిలబడ్డారు. ఒకాయన కూరగాయల సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని జేబులు తడుముకుంటున్నాడు. ఒక తల్లి పిల్ల జుట్టు సరిచేస్తూ ముందుకు జరిపింది. పైన ఎవరున్నారో వాళ్ళెవరూ చూడటం లేదు. ఎందుకు చూస్తారు?

వదిన తిరిగి వచ్చి ఆకుపచ్చ గీత ముందు నిలబడింది. చుట్టిన గొలుసు విప్పింది. మరిది ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాడు.

ఈడ్చింది.

మోగింది. ఇప్పటికీ దాన్ని వేరే మాటతో చెప్పలేను. అంత పెద్ద పాతబడ్డ మేడలో, పొద్దుటినుంచి విన్న గలగలలన్నిటిలో ఇంత తేటగా ఏదీ పలకలేదు. ఆవిడ గడ్డం కొద్దిగా పైకి లేచింది. పక్కకు తిరిగి ఏదో అనబోయినట్టు పెదవి కదిలింది. పక్కన ఉన్నది నేను. మళ్ళీ నేల వంక తిరిగింది.

గొలుసు మెల్లగా అంచు దాకా తీసుకెళ్ళింది. అంచు దాటగానే బొదబొద. ఇటువైపూ అంతే. అటువైపు పిట్టగోడ దాకా అంతే. అతుకు చుట్టూ ఊరంతా గుల్లే. ఆవిడ వంగి, అరచేత్తో నేలను తాకి, అలాగే ఉండి అడిగింది.

"ఏమయ్యా, దీని చుట్టూ కాంక్రీటు పగలగొట్టే బ్రేకరు పెట్టి కొడితే ఆ అదురుకి ఇది అడుగున పట్టు వదిలేస్తుందా?"

"చిన్న మిషను పెడతాం వదినా. చేత్తో చెక్కుతాం కావాలంటే. నేనే కూర్చుని..."

"వదిలేస్తుందా లేదా?"

మరిది జవాబు ఇంజనీరమ్మాయి వైపు చూసి వెతుక్కున్నాడు. అక్కడ దొరకలేదు. "వదిలేయొచ్చు," అన్నాడు.

"వదిలేశాక కూడా పైకి మోగుతుందా?"

"కొన్నాళ్ళు మోగుతుంది."

"అప్పుడు నేనొచ్చి ఎత్తి దాటుకుంటూ పోతాను. నువ్వు రెండు దెబ్బలు కొట్టి బాగుందని రాస్తావు. చెవులుండీ చెవిటివాళ్ళం, ఇద్దరం."

"నేను చేసింది నీకోసం వదినా!" మరిది గొంతు పెద్దదయింది. పనివాళ్ళు తలలెత్తారు. "ఆయన చేతి పని ఈ ఊళ్ళో ఇంకెక్కడ మిగిలింది చెప్పు? మార్కెట్ మేడ పడగొట్టేశారు. ఆసుపత్రి దగ్గరది పడగొట్టేశారు. ఇదొక్కటే. నేను తాపీ పట్టటం నేర్చుకున్నది ఆయన పక్కన కూర్చుని. నాకు మాత్రం ఉండదా?"

వదిన లేచింది. గొంతు పెంచలేదు.

"నాకోసం చేసింది మీ అన్న. నా నెత్తిన నీళ్ళు పడకూడదని చేశాడు. ఇప్పుడు కింద వాళ్ళున్నారు. వాళ్ళ నెత్తిన నేల పడితే, అది ఆయన పనే అవుతుందా? నువ్వు చెప్పు."

మరిది హెల్మెట్ మళ్ళీ నెత్తిన పెట్టుకున్నాడు, కళ్ళమీదికి కొంచెం ఎక్కువగానే దించి.

"ఆ కర్ర ఇటివ్వు."

అతను ఇవ్వలేదు. ఆవిడే తీసుకుంది. కొసనున్న సుద్ద ఊడదీసి, కూర్చుని చేత్తో గీసింది. గుండ్రటి గీత కాదు, కోత మిషను నడవటానికి మూలమట్టంగా నాలుగు గీతలు, పిట్టగోడ నుంచి ర్యాంపు మొదలు దాకా. ఆకుపచ్చ గీత మొత్తం లోపల పడింది. ఒక మూల వంకర వచ్చినట్టనిపించి చెరిపి మళ్ళీ గీసింది. ఇంజనీరమ్మాయి పక్కన కూర్చుని టేపు కొస పట్టుకుంది.

"ముందు కిందవాళ్ళని పంపించి ఆ దారి మూసెయ్యి," అంది వదిన, మరిదితో. "యంత్రాన్ని అటు గేటు పక్కకి మార్చు. తర్వాత మొదలుపెట్టు."

మరిదికి పని చెప్పటంతో ప్రాణం లేచి వచ్చినట్టయింది. కేకలేస్తూ కిందికి పరుగెత్తాడు, ఆ బొజ్జతోనే. అతను తాడు కట్టించి, జనాన్ని అటు మళ్ళించి వచ్చేసరికి వదిన స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. నేను పక్కన కూర్చున్నాను. చెప్పటానికి నా దగ్గర చాలా ఉన్నాయి: పాత ఓడల పలకలు ఒకటొకటే మార్చుకుంటూ పోతే చివరికది అదే ఓడా కాదా అని పూర్వం పండితులు వాదించుకున్న సంగతి, ఇంకా అలాంటివి. జీవితంలో మొదటిసారి ఏమీ చెప్పబుద్ధి కాలేదు.

ఆవిడే మాట్లాడింది. "గోనె మీద నీళ్ళు చల్లుతుండేవాడని చెప్పాను కదా. ఒకరోజు ఎక్కువ చల్లాడు. పిట్టగోడ కన్నంలోంచి కారి, కిటికీలోంచి పడి, సరిగ్గా నా బల్ల మీది టికెట్ల కట్ట తడిసి ముద్దయింది. బయటికొచ్చి, ఎవడ్రా అది అని పైకి చూసి అరిచాను. తల లోపలికి లాక్కున్నాడు." గొలుసు సంచిలో వేసుకుంటూ, "పెళ్ళయ్యాక ఎన్నిసార్లడిగినా ఒప్పుకోలేదు. వానేమో అనేవాడు. ఎండలో!" అని నవ్వింది. ఆ రోజు మొత్తంలో ఆవిడ నవ్వగా చూసింది అప్పుడే.

మరిది వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "కోసేటప్పుడు ఒక ముక్క తీసి దాచనా వదినా? చిన్నది."

"ఏం చేసుకోను, తలకింద పెట్టుకుని పడుకోనా?"

"నాకోసం తీసుకుంటాను పో!"

"నీ ఇష్టం. నీకు తలగడ పెద్దదే కావాలి."

అతను ఏడవబోయి నవ్వాడో, నవ్వబోయి ఏడ్చాడో, మొహం అటు తిప్పుకుని కోత మిషను వాడికి చెయ్యి ఊపాడు. నీళ్ళ గొట్టం తెరిచారు. చక్రం తిరగటం మొదలై, మొదటి గీత మీద దిగింది. ఆ చప్పుడుకు మేడంతా అదిరింది. బూడిదరంగు నీళ్ళు సుద్దను కడుక్కుంటూ పారాయి. నీళ్ళు ఎటు పోతున్నాయో చూడమని మరిది అరుస్తుంటే పనివాళ్ళు అడ్డుకట్టకు ఇసుకబస్తాలు జరిపారు. నేనూ ఒకటి లాగాను. ఇంజనీరమ్మాయి గీత మీదే కళ్ళు పెట్టి నిలబడింది. చక్రం ఆకుపచ్చ గీతకు దగ్గరవుతోంది.

"వదినా, ఇటు చూడు, సరిగ్గానే పోతోందా?" అని మరిది వెనక్కి తిరిగి అరిచాడు.

స్తంభం దగ్గర ఎవరూ లేరు.

నేను పిట్టగోడ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ అప్పటికే ర్యాంపు దిగిపోయింది. సంచి భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుని, తాడు కట్టిన దారి పక్కనుంచి నడుస్తోంది. కాపలాదారు ఏదో పలకరించాడు. చెయ్యి మాత్రం ఎత్తింది, ఆగలేదు. మరిది నా పక్కకు వచ్చి, మిషను హోరులో "వదినా! వదినా!" అని గొంతు చించుకున్నాడు. వీధిలో పోతున్న ఇద్దరు ముగ్గురు తలెత్తి చూశారు. ఆవిడ చూడలేదు. వినిపించలేదనుకోవటానికి వీల్లేదు, ఆ చెవులకు. వీధి దాటటానికి అంచున నిలబడి, రెండువైపులా చూసుకుని, జనంతో పాటు అటు దాటి, అలా నడుచుకుంటూ వెళ్ళిపోయింది.